వట్టి చేతుల ఓబులన్న

జిగురును గట్టిపరిచే హార్డెనర్ డబ్బా మూత తిప్పితే ఒక వాసన వస్తుంది. చేపలు కడిగిన నీళ్లలో అమ్మోనియా కలిపినట్టు ఉంటుంది. ముక్కు కంటే ముందు కళ్లకు తగులుతుంది. మొన్న నేను మాస్కు తగిలించుకోకముందే రజియా ఆ డబ్బా తెరిచింది. రజియా మా షెడ్డులో కొత్తగా చేరిన మనిషి. అంతకుముందు చాలా ఏళ్లు జాకెట్లు కుట్టింది. కార్బన్ గుడ్డను కత్తిరిస్తే అంచున ఒక్క పోగు ఊడిరాదు. వాసన తగిలి తల తిప్పేసరికి ఆమె చేతులకు గ్లోవ్స్ లేవు. ఊడదీసి బల్ల మీద పెట్టేసింది. ఎందుకు తీశావని అడిగితే, ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది.

“చెమట కారతాంది సార్. గుడ్డ మీద పడితే పీసు పోతాది గదా” అంది.

నేను అరిచాను. సందులో పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయేంత గట్టిగా అరిచాను. ఆ అరుపు ఆమె మీద కాదు. అదే మాటను, దాదాపు అవే పదాలతో, అదే షెడ్డులో, అదే బల్ల దగ్గర నిలబడి చెప్పిన మనిషి మీద. ఆయన పేరు ఓబుళ రెడ్డి. అందరం ఓబులన్న అనేవాళ్లం. మోటార్‌సైకిళ్లకు కార్బన్ ఫైబర్ భాగాలు ఇంటి దగ్గరే తయారుచేయడం నాకు నేర్పింది ఆయనే. నేను తింటున్న తిండి ఆయన నేర్పిన పనిది. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. నేను రెండు రకాలూ రాస్తాను. ఒకటి దాచి ఇంకొకటి రాస్తే కొలత తప్పుతుంది. కొలత తప్పితే ఆయనకే నచ్చదు.

మాది డోన్. కర్నూలులో మెకానికల్ చదువుతూ చివరి సంవత్సరంలో ఉండగా నా బండి ముందు మడ్‌గార్డు పగిలింది. మామూలుది ఒకటి కొని, దాని మీద కార్బన్ ఫైబర్‌లా కనిపించే స్టిక్కరు అతికించుకున్నాను. నల్లటి అల్లిక, దూరం నుంచి చూస్తే నిజమైనదే అనిపిస్తుంది. కాలేజీ దగ్గర టీ అంగడి ముందు బండి నిలిపి టీ తాగుతుంటే, పొడవాటి మనిషి ఒకాయన వచ్చి దాని ముందు గొంతుకూర్చున్నాడు. తెల్ల చొక్కా, మోచేతుల పైదాకా మడిచిన చేతులు, ఎడమ చేతికి వెండి కడియం. బొటనవేలి గోరుతో స్టిక్కరు మూల గీకి, సర్రున లాగేశాడు.

“ఎవరిదప్పా ఈ బండి? గాడిదకు పులితోలు కప్పినారే” అన్నాడు, అంగడిలో అందరికీ వినిపించేలా.

అందరూ నవ్వారు. నేను కొట్లాటకు లేచాను. ఆయన నా వైపు చూడను కూడా చూడకుండా తన బండి దగ్గరికి పోయి, డిక్కీ సంచిలోంచి ఒక మడ్‌గార్డు తీసి నా చేతిలో పెట్టాడు. చేతిలో ఏదో ఉన్నట్టే లేదు. ఎండు తాటాకంత బరువు. రెండు చేతులతో బలంకొద్దీ వంచబోతే వంగలేదు. పైన ఉన్న మెరుపు కింద అల్లిక, తేటనీళ్ల అడుగున ఇసుక కనిపించినట్టు కనిపిస్తోంది. “ఇది తోలు గాదు, ఎముక” అన్నాడు. తెల్లారకముందే ఇంటికి రమ్మని చెప్పి, అడ్రసు చెప్పి, నా టీకి కూడా డబ్బులు ఆయనే ఇచ్చి వెళ్లిపోయాడు. నేను వెళ్లాను. చదువు అయిపోయాక కూడా వెళుతూనే ఉన్నాను. మా నాన్న తనకు తెలిసిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగం చూసిపెడితే, అక్కడికి పోకుండా ఇక్కడే ఉండిపోయాను.

ఓబులన్నది కోయిలకుంట్ల పక్కన పల్లె. భూములున్న ఇల్లు. ఒక అన్న కాంట్రాక్టులు చేసేవాడు, ఇంకో అన్న రాజకీయాల్లో తిరిగేవాడు. ఈయనొక్కడికే బండ్ల పిచ్చి. పుణెలో, పందెం బండ్లకు ఫైబర్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో, భార్యను పల్లెలోనే ఉంచి, చాలాకాలం పనిచేశాడు. ఉన్నట్టుండి అది వదిలేసి వచ్చి, కర్నూలులో ఇల్లు తీసుకుని, వెనక సందు వైపున్న కారు షెడ్డులో సొంతంగా పని మొదలుపెట్టాడు. అంత మంచి ఉద్యోగం ఎందుకు వదిలావని ఎవరైనా అడిగితే, “ఒకరి ముందర చేతులు కట్టుకోని నిలబడే జాతకం గాదప్పా మాది” అనేవాడు. అలాంటి ఇంటి మనిషి అలాంటి మాట అంటే మా వైపు ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అది చాలినంత కారణం. నాకూ చాలింది.

ఆ షెడ్డులో పని ఎలా జరిగేదో చెప్పాలి. ముందు అసలు భాగం మీద అచ్చు తీస్తాం. అచ్చుకు మైనం రుద్దుతాం, పీసు అంటుకుపోకుండా. కార్బన్ గుడ్డ పరుస్తాం. రెసిన్ అనే జిగురులో హార్డెనర్ కలిపి రోలర్‌తో గుడ్డకు పట్టిస్తాం. దాని మీద ఇంకో గుడ్డ, మళ్లీ రెసిన్. చివరికి మొత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి, లోపలి గాలి పీల్చేస్తాం. గాలి పీల్చడానికి ఓబులన్న పాత ఫ్రిజ్ కంప్రెసర్ వాడేవాడు. సంచి పీసుకు అతుక్కుని బిగుస్తుంది, గుడ్డ అచ్చులోకి దిగుతుంది, గట్టిపడేదాకా కంప్రెసర్ గుర్రుమంటూనే ఉంటుంది. చెప్పడానికి ఇంతే. కానీ కర్నూలు ఎండ ఈ వరుసనంతా తలకిందులు చేస్తుంది. చల్లటి ఊళ్లలో నిదానంగా గట్టిపడే రెసిన్, ఇక్కడ మే నెలలో కప్పులో ఉండగానే ఉడికి పొగలు కక్కుతుంది. అందుకే ఆయన తెల్లవారుజామున పని పెట్టేవాడు. రెసిన్ డబ్బాను మంచినీళ్ల కుండ పక్కన తడి ఇసుకలో పూడ్చి ఉంచేవాడు. పీసు తయారయ్యాక మాత్రం అదే ఎండకు పని అప్పగించేవాడు. మిద్దె మీద నల్లరంగు పూసిన రేకు పెట్టె ఒకటి ఉండేది. పీసును అందులో పెడితే సాయంత్రానికి రాయి అయ్యేది. “వేరేవోళ్లు ఓవెన్ కొంటారు. మనకు నెత్తి మీద ఊరికే ఇచ్చినాడు దేవుడు” అనేవాడు.

నేను చేసిన మొదటి మడ్‌గార్డు చాలా బాగా వచ్చింది. నాకలా అనిపించింది. ఓబులన్న దాన్ని వెలుతురులో తిప్పి చూసి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి అంచు పొడవునా తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. ఒక చోట టప్ అంది. ఇంకోసారి అక్కడే తట్టి నన్ను వినమన్నాడు. నాకు తేడా తెలిసింది. లోపల పొరల మధ్య గాలి ఉంది. పైకి ఏమీ కనిపించదు, బరువు పడదు కాబట్టి ఆ చోట విరగదు కూడా అని వాదించాను. ఆయన వాదించలేదు. దాన్ని మోకాలి మీద పెట్టి విరిచేసి, రెండు ముక్కలూ నా ముందు పెట్టి, “కనపడనిదాన్ని కూడా సరిగ్గా చేసేవోడే ఈడ ఉంటాడు. లేకుంటే స్టిక్కరు అంగడి పెట్టుకో పో” అన్నాడు. ఆ రోజు ఆయన మీద కోపం రాలేదు. ఆ రోజు ఆయన చెప్పింది నిజం. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ మాటలో ఒక అక్షరం మార్చను. ఆ మాటను ఆయన పీసులకు వాడాడు గానీ తన ఒంటికి వాడలేదు. నా కోపమంతా అక్కడే ఉంది.

చేతులకు గ్లోవ్స్ వేసుకోనిచ్చేవాడు కాదు. మొండితనంగా కనిపించినా, అందులో ఒక లెక్క ఉంది. మా ఎండకు రబ్బరు గ్లోవ్ లోపల చేయి చెమటతో నానిపోతుంది. పొడవైన పీసుకు అవతలి అంచు అందుకోవడానికి చేయి వంచితే, ఆ చెమట గ్లోవ్ అంచు నుంచి ధారగా జారి తడి రెసిన్ మీద పడుతుంది. పడినచోట రెసిన్ పాలలా తెల్లబడుతుంది, పీసు పాడవుతుంది. అలా కొన్ని పీసులు పోయాక ఆయన గ్లోవ్స్ డబ్బాను తీసుకెళ్లి చెత్తలో వేశాడట. నేను వచ్చేసరికి అది షెడ్డు చట్టం. పని అయ్యాక థిన్నర్‌లో గుడ్డ ముంచి చేతులు తుడుచుకునేవాడు. ఆ థిన్నరు చర్మం మీద ఉన్న కాస్త జిడ్డునూ తీసేసి, రెసిన్ లోపలికి పోవడానికి దారి చేసిపెడుతుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉంటుంది. చదివి వినిపించాను. “డబ్బా మింద రాసిందంతా నమ్మితే సబ్బు కూడా తినగూడదు” అన్నాడు.

నేను ఒక ఉపాయం చేశాను. పాత తువ్వాలును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపి, మణికట్టుకు చుట్టుకుని, దాని మీదుగా గ్లోవ్ వేసుకున్నాను. కారే చెమటనంతా తువ్వాలు పీల్చుకుంది. ఒక పెద్ద పీసు మొదటినుంచి చివరిదాకా చేశాను, ఒక్క చుక్క పడలేదు. ఆయనకు చూపించాను. ఆయన స్నేహితులు ఇద్దరు అప్పుడు షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఓబులన్న నా మణికట్లు రెండూ పైకెత్తి వాళ్లకు చూపించాడు.

“ఇంజినీరుకు గాజులు తొడిగినారు సూడండప్పా. ఇంగ మీ వదినను పిలిచి పసుపు కుంకుమ పెట్టమందునా?”

వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను పట్టీలు విప్పలేదు, ఆయన విప్పమనలేదు. నా వరకు చట్టం సడలించాడు. నా తరువాతి పీసును బిళ్లతో తట్టి చూసి, తలాడించి, పక్కన పెట్టాడు. అంటే ఉపాయం పనిచేస్తుందని ఒప్పుకున్నట్టే. అయినా తన చేతులకు మాత్రం కట్టుకోలేదు. పాత తువ్వాలు ముక్క.

మొదట ఆయన వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు వచ్చాయి. తరువాత మణికట్టు, మోచేయి. ఆ తరువాత ఒక ఉదయం కనురెప్పలు పూరీల్లా ఉబ్బి, కళ్లు సన్నటి గీతలయ్యాయి. ఆయన భార్య లక్ష్మీదేవి వదిన బెదిరిపోయింది. సందులో అందరూ వచ్చి చూశారు. చూసినవాళ్లంతా ఒకే మాట చెప్పారు: ఒళ్లు వేడి చేసింది. మా సీమలో ఏ రోగానికైనా మొదటి నేరస్థుడు వేడే. ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది, ఏ నేరం మోపినా ఎదురు చెప్పదు. నాటుకోడి మాన్పించారు. పొద్దునే రాగి అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం సబ్జా గింజల నీళ్లు. నడినెత్తిన ఆముదం. ఓబులన్న ఇవన్నీ బుద్ధిమంతుడిలా తాగాడు, అంటించుకున్నాడు. రెసిన్ వల్ల అని నేను వదినకు చెప్పాను. ఆమె న్యాయంగానే అడిగింది, నువ్వు కూడా అదే డబ్బా ముట్టుకుంటున్నావు కదా, నీకేమీ కాలేదే అని. నేను గ్లోవ్స్ వేసుకుంటాను, ఆయన వేసుకోడు అన్నాను. ఆమె ఆయన వైపు తిరిగింది. ఆయన మజ్జిగ చెంబు దించి, “సిన్నప్పటినుంచి నా ఒళ్లు అంతేలే. వేడి ఒళ్లు” అన్నాడు. నా వైపు మాత్రం చూడలేదు.

వదిన మంత్రాలయానికి మొక్కుకుంది. ఇద్దరూ వెళ్లి కొన్నాళ్లు అక్కడే సత్రంలో ఉన్నారు. ఆమె తుంగభద్రలో మునిగి, తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టింది. మోకాళ్లూ మోచేతులూ చీరుకుపోయి వచ్చింది. ఓబులన్న మాత్రం తోమిన ఇత్తడి చెంబులా వచ్చాడు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. కళ్లు తేటగా ఉన్నాయి. సందంతా ప్రసాదం పంచారు. మరుసటి రోజు తెల్లవారుజామున ఆయన హార్డెనర్ డబ్బా మూత తిప్పాడు. వారం తిరక్కముందే కళ్లు మళ్లీ మూసుకుపోయాయి.

ఇంట్లో కారణం వెతికారు. తిరుగు ప్రయాణంలో చుట్టాల పెళ్లిలో ఆయన మాంసం తిన్నాడని తేలింది. స్వామికి కోపం వచ్చిందన్నారు. వదిన తప్పంతా తన మీదే వేసుకుంది, మనిషిని కాచుకోలేకపోయానని. గురువారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది. ఆమె భక్తి మీద నాకు చిన్నచూపు లేదు. తెలియని మనిషి తనకు తెలిసిన తలుపే తడుతుంది. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఆమె ఉపవాసాలు చూస్తున్నాడని మాత్రం నాకు అప్పటికి తెలియదు. షెడ్డులో ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాను.

“మంత్రాలయంలో రెసిన్ లేదన్నా. అంతే.”

ఆయన బల్ల మీద కార్బన్ పోగు ఒకటి తీసి, వేలికి చుట్టి, విప్పాడు.

“ఆ మాట మీ వదినతో అనొద్దు” అన్నాడు.

అబద్ధమనలేదు, నీకేం తెలుసని కూడా అనలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

ఆ రోజుల్లోనే కడప నుంచి పని వచ్చింది. పందేలకు పోయే కుర్రాడు ఒకడు తన బండికి మొత్తం పైతొడుగు కావాలన్నాడు. ముందుభాగం, రెండు పక్కలు, ఇంజను కింద తొట్టి, వెనక తోక. అంత పెద్ద పని మాకు అదే మొదటిది. ఓబులన్న పండుగ వచ్చినట్టు చేశాడు. నిండు చేతుల చొక్కా వేసుకుని, పొక్కులు కనిపించకుండా గుండీలు పెట్టుకుని పనిచేశాడు. ముందుభాగం అయింది, పక్కలు అయ్యాయి. తొట్టికి గుడ్డ పరుస్తుండగా ఆయన ఊపిరిలో ఈల వినిపించింది. బల్ల అంచు పట్టుకున్నాడు. పెదవులు నీలంగా మారాయి. నేనూ వదినా ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం.

మందు ఎక్కి ఊపిరి ఆడాక, డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి మామూలుగా అడిగే ప్రశ్న అడిగింది, ఇలా ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందా అని. లేదని చెప్పడానికి వదిన నోరు తెరిచింది.

“వచ్చింది. పుణెలో” అన్నాడు ఓబులన్న.

అడిగినకొద్దీ ఒక్కొక్కటే చెప్పాడు. ఫ్యాక్టరీలో ఇలాగే చర్మం, ఇలాగే కళ్లు, తరువాత ఇలాగే ఊపిరి. అక్కడి డాక్టరు ఒంటికి ఈ రెసిన్ పడదని తేల్చి చెప్పాడు. ఒకసారి పడకపోతే జన్మలో మళ్లీ పడదు, తగిలిన ప్రతిసారీ ఎక్కువవుతుంది, వాసన కూడా తగలకూడదు అన్నాడు. ఫ్యాక్టరీవాళ్లు మంచివాళ్లే, స్టోరులో కుర్చీ పని ఇస్తామన్నారు. ఈయన రాజీనామా చేసి వచ్చేశాడు. “స్టోర్లో కూచోని బోల్టులు ఇచ్చే బతుకేంది? ఈడైతే అడిగేవోళ్లు ఎవరూ ఉండరులే అనుకున్నా” అన్నాడు.

చేతులు కట్టుకుని నిలబడని జాతకం అంటే ఇదీ. అడిగేవాళ్లు లేని చోటు వెతుక్కుని ఆయన సొంత ఊరి పక్కకు వచ్చాడు. మేం ఎలాంటివాళ్లమో ఆయనకు బాగా తెలుసు. పౌరుషం మాట ఒకటి చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరని, పొక్కు వస్తే వేడి అంటారని, ఆరా తీసేముందు అంబలి కాస్తారని. మా అమాయకత్వాన్ని ఆయన ముసుగులా కప్పుకున్నాడు. గాడిదకు పులితోలు కప్పావని నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినవాడు!

వదిన అరవలేదు. మంచం అంచున కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మెల్లగా అంది.

“నేను నేల మింద పొర్లుతాంటే, నువ్వు పక్కనే నిలబడి సూస్తాంటివి.”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి వచ్చాక వదిన షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి నాకిచ్చింది. పని నువ్వు నడుపు, ఆ మనిషి మాత్రం గుమ్మం తొక్కకూడదు అంది. ఓబులన్న మొదట కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాడు. తరువాత సందు మొదట్లో ఉన్న పంక్చరు షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. షెడ్డు తలుపు తీసి ఉంటే అక్కడి నుంచి బల్ల సగం కనిపిస్తుంది. ఆ దూరం నుంచే అరిచేవాడు. ఆ మూల ముడత పడతాంది సూడు. రోలర్ అట్ల గాదు, మధ్యలోంచి బయటికి తియ్యి. పంక్చరు షాపు అతను, సందులో పోయే ఆడవాళ్లు, స్కూలు ఆటో డ్రైవరు, అందరికీ కార్బన్ ఫైబర్ పని సగం వచ్చేసి ఉంటుంది. చెడ్డ విషయమేమిటంటే ఆయన చెప్పిన ప్రతిసారీ అక్కడ నిజంగానే ముడత ఉండేది. నేను తలుపు మూసేవాణ్ని. ఒకరోజు లేచి వచ్చి ఆ తలుపును కాలితో తన్నాడు. నా షెడ్డుకు నాకే తలుపేస్తాండావా అన్నాడు. అవునన్నా అన్నాను. నిన్ను టీ అంగడి కాడనే వదిలేసిండాల్సింది అన్నాడు. అదీ అవునన్నాను.

తొట్టి నేనే పూర్తిచేశాను. తోక కూడా చేశాను. మిద్దె మీద పెట్టెలోంచి దాన్ని తీసి కిందికి తెస్తుంటే, ఆయన పంక్చరు షాపు దగ్గరి నుంచి చూసి, తల అడ్డంగా ఊపాడు. కొస దగ్గర అల్లిక గీత జారింది, చచ్చిన పాము తోక మాదిరి ఉండాది అన్నాడు. నేను స్కేలు పెట్టి చూశాను. జారింది, వెంట్రుకవాసి. బండి మీద ఎక్కాక ఎవరికీ తెలియదు. ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది. తోకను బిగించేది చివర్లోనే కాబట్టి దాన్ని షెడ్డులోనే ఉంచి, మిగతా భాగాలు బండికి సరిపోతున్నాయో లేదో చూసుకోవడానికి కడప పోయాను.

నేను అక్కడ బోల్టులు బిగిస్తుండగా వదిన ఫోను వచ్చింది. ఫోనులో ఏడుపు, దాని వెనక కంప్రెసర్ గుర్రు వినిపించాయి. తాళం నా జేబులోనే ఉంది. ఆయన షెడ్డు వెనక రేకుకున్న స్క్రూలు విప్పి లోపలికి పోయాడు. వదిన బంధువుల ఇంటికి పోయిన పూట చూసుకుని, తోకకు కొత్తగా గుడ్డ కోసి, రెసిన్ కలిపి, అచ్చులో పరిచి, సంచి కట్టి, కంప్రెసర్ వేసి, మళ్లీ రేకు బిగించి వచ్చాడు. వాసన తెలియకుండా తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వదిన తిరిగి రాగానే బుద్ధిగా కంచం ముందు కూర్చున్నాడు. ఆమెకు కంప్రెసర్ మోత వినిపించింది. ఏమిటని అడిగేలోపలే ఆయన ఊపిరి ఈల వేసి, చేయి కంచంలో పడిపోయింది. ఆసుపత్రి దాకా ప్రాణం నిలవలేదు.

నేను వచ్చేసరికి ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. వాళ్ల అన్నలు, పల్లె జనం, ఏడుపులు. వెనక షెడ్డులో కంప్రెసర్ ఇంకా గుర్రుమంటూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను పోయి ఆపాను. తాళం నీ దగ్గరుండగా ఎట్లా పోయినాడని ఆయన అన్న ఒకాయన నన్ను నిలదీశాడు. పుణె నుంచి ఎందుకు వచ్చావని ఆ రోజే తమ్ముణ్ని అడగాల్సింది అన్నాను. చావు ఇంట్లో అలా అనకూడదు. అన్నాను.

కర్మలన్నీ అయ్యాక ఆ పీసును అచ్చులోంచి విడదీశాను. రూపాయి బిళ్లతో అంచు పొడవునా తట్టాను. మొదటినుంచి చివరిదాకా టక్ తప్ప ఇంకో చప్పుడు లేదు. కొస దగ్గర గీత ఎగిరే పిట్ట తోకలా తేలి ఉంది. లోపలి వైపు తిప్పితే, సంచి మడతపడి అందని ఒక మూలలో, గట్టిపడటం మొదలైన రెసిన్ మీద ఆయన బొటనవేలి ముద్ర ఉంది. ఆ మూల గుడ్డ పైకి లేస్తుంటే, సంచి మూసేముందు ఆఖరున వేలితో అదిమి పట్టాడన్నమాట. గీతలన్నీ స్పష్టంగా, అద్దంలో చెక్కినట్టు ఉన్నాయి. గ్లోవ్ వేసుకుని ఉంటే ఆ ముద్ర పడేది కాదు.

కడప కుర్రాడికి నేను చేసిన తోకే పంపాను. గీత జారినదే. వాడు బండికి బిగించి, చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఈ రోజు వరకు ఒక్కరికీ ఆ తేడా తెలియలేదు. ఎవరికీ తెలియని వెంట్రుకవాసి కోసం ఒక మనిషి రేకు విప్పుకుని లోపలికి పోయాడు. ఆయన్ని పనికి ప్రాణమిచ్చినవాడని పొగిడేవాళ్లు ఇప్పటికీ షెడ్డుకు వస్తుంటారు. వాళ్లకు నేను టీ ఇవ్వను. పని ఆయన్ని ప్రాణం అడగలేదు. మణికట్టుకు తువ్వాలు ముక్క అడిగింది, ముఖానికి మాస్కు అడిగింది. పుణెలో ఒంటికి పడదని తేలాక, ఆ షెడ్డు మీద హక్కు వదులుకుని పంక్చరు షాపు ముందు కూర్చుని అరవమని అడిగింది. ఆయన అరుస్తూనే ముసలివాడై ఉంటే నేను తలుపు వేస్తూ, తీస్తూ, తిట్టుకుంటూ, ఆయన చెప్పిన ముడత సరిచేసుకుంటూ ఉండేవాణ్ని.

వదిన ఆ ఇంట్లోనే ఉంటుంది. షెడ్డు నాకు బాడుగకిచ్చింది. ఒకే ఒక్క షరతు పెట్టింది. కంప్రెసర్ వేసేముందు వచ్చి చెప్పాలి. ప్రతిసారీ వంటింటి కిటికీ దగ్గరికి పోయి చెబుతాను. ఆమె సరే అంటుంది. అప్పుడు వేస్తాను.

మొన్న రజియా మీద అరిచిన తరువాత గోడ మేకుకు వేలాడుతున్న ఆ తోకను దించి, తిరగేసి, ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి ముద్రను చూసింది. ఎవరిది సార్ అని అడిగింది. జరిగినదంతా చెప్పాను. తువ్వాలు పట్టీలు తీసి ఎలా చుట్టుకోవాలో చూపించాను. ఆమె ఆ పట్టీని వేళ్ల మధ్య పట్టుకుని, ఎడమకూ కుడికీ లాగి, పెదవి విరిచింది.

“ఇట్ల చుడితే జారిపోతాది సార్. లోపల ఎలాస్టిక్ ఏసి కుట్టుకోనొస్తా” అంది.

ఈ ఉదయం కుట్టుకొచ్చింది, నాకు కూడా. నా పట్టీల కంటే అవి మేలు. చెమట ఒక్క చుక్క దాటలేదు. ఇద్దరం కలిసి ఒక బండి తోక చేశాం. నిన్న నేను చేసి మిద్దె మీద పెట్టిన ఇంకో తోకను ఈ సాయంత్రం దించి, బిళ్లతో తట్టి, ఓబులన్న తోక పక్కన పట్టి చూశాను. చప్పుడు బాగుంది. కొస దగ్గర గీత వెంట్రుకవాసి జారింది. రజియాకు కనిపించలేదు. కొన్నవాడికి కనిపించదు. నాకు కనిపిస్తుంది. ఆ తేడా కనిపించే కళ్లు నాకు ఇచ్చింది ఆయనే. ఆయన్ని క్షమించలేకపోవడానికి కారణం కూడా అదే. నా తోకను మోకాలి మీద పెట్టి విరిచేశాను. ఆయనదాన్ని మళ్లీ మేకుకు తగిలించాను, వేలిముద్ర ఇవతలికి కనిపించేలా.